సర్వర్‌లో డేటాబేస్ ఇన్‌స్టాల్ చేయడం: ఒక్క కమాండ్ వెనక నాలుగు పనులు

మన దగ్గర ఇంటి నంబర్ల నిండా గీతలే. 2-7-11, 1-1-46 అని గుమ్మం పక్కన రంగుతో రాసి ఉంటుంది. హనుమకొండలో ఒక చిన్న దవాఖానలో ఈ గీతల మూలంగా నేను ఒక పూటంతా కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చున్నాను. వాళ్ళ పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టి రెండు రోజులైంది. రెండింట్లోనూ ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమే, పాత మిషన్‌లో 18.04, కొత్తదాంట్లో 22.04. డేటాబేస్ ప్రోగ్రామ్ రెండింట్లోనూ పోస్ట్‌గ్రెస్ 12వ వెర్షనే. డేటా డైరెక్టరీని ఉన్నదున్నట్టు కాపీ చేశాం, సర్వీసు లేచింది, బిల్లులు వస్తున్నాయి. పని అయిపోయిందనుకున్నాం. అప్పుడు కౌంటర్‌లో ఉన్న అమ్మాయి పిలిచింది: "సార్, లిస్టుల పేరు కనవడుతున్నది. ఇంటి నంబరు కొట్టి వెతికితే మాత్రం లేదంటున్నది."

నిజమే. జాబితాను పైనుంచి కిందికి తిప్పితే పేషెంట్ ఉన్నాడు. ఇంటి నంబరుతో వెతికితే లేడు.

కారణం పోస్ట్‌గ్రెస్‌లో లేదు. అక్షరాలను ఏ వరుసలో పెట్టాలో పోస్ట్‌గ్రెస్ మామూలుగా తనంతట తాను నిర్ణయించదు, ఆపరేటింగ్ సిస్టమ్‌లోని సీ లైబ్రరీని, అంటే అన్ని ప్రోగ్రాములూ వాడుకునే మూల కోడ్‌ను అడుగుతుంది. లినక్స్‌లో ఎక్కువ చోట్ల అది గ్లిబ్‌సీ. 2018 ఆగస్టులో వచ్చిన గ్లిబ్‌సీ 2.28లో ఈ వరుస నియమాలను పెద్ద ఎత్తున మార్చారు. అంతకుముందు 11 ముందొచ్చి 1-1 తర్వాత వచ్చేది, ఆ తర్వాత 1-1 ముందొచ్చి 11 వెనక్కి పోయింది. ఉబుంటు 18.04లో ఉన్నది 2.27. 22.04లో ఉన్నది 2.28 కన్నా కొత్తది. ఇండెక్స్ అంటే వరుసగా పేర్చిన రిజిస్టర్ లాంటిది. పాత మిషన్ పాత వరుసలో పేర్చి పెట్టింది, కొత్త మిషన్ కొత్త వరుస ప్రకారం వెతుకుతోంది. ఎడమ పేజీకి వెళ్ళాల్సిన చోట కుడి పేజీకి వెళ్ళి, అక్కడ లేదు కాబట్టి లేదని చెప్తోంది. అబద్ధం చెప్తున్నానని దానికి తెలియదు. లాగ్‌లో ఒక్క ఎర్రర్ లైను కూడా ఉండదు. అది యూనిక్ ఇండెక్స్, అంటే ఒక విలువను ఒక్కసారే రానిచ్చేది అయితే ఇంకా ప్రమాదం, ఉన్న నంబరును లేదనుకుని రెండోసారి కూడా ఎక్కించుకుంటుంది.

ఇండెక్స్‌లను మళ్ళీ కట్టించాక అంతా సర్దుకుంది. ఆ పూట నుంచి నాకు "ఇన్‌స్టాల్ చేశాం" అన్న మాట వింటే ముందు ఒకటే అడగాలనిపిస్తుంది: ఏం ఇన్‌స్టాల్ చేశారు? వెర్షన్ నంబరు ఒకటే అయినంత మాత్రాన రెండు సర్వర్లు ఒకటి కావు. ప్యాకేజీ, అంటే ప్రోగ్రామ్ ఫైళ్ళ కట్ట, ఎక్కడి నుంచి వచ్చింది, దాని కింద ఏ లైబ్రరీ ఉంది, డేటా డైరెక్టరీ ఏ నియమాలతో పుట్టింది, రేపు దాన్ని ఎవరు అప్‌డేట్ చేస్తారు అన్నవన్నీ ఇన్‌స్టాలేషన్‌లో భాగమే. ఈ ముడిని ఒక్కొక్క పోగుగా విప్పడానికే ఈ వ్యాసం.

ఒక కమాండ్, నాలుగు పనులు

ఉబుంటులో ప్యాకేజీలు వేసే ఆప్ట్ కమాండ్‌తో పోస్ట్‌గ్రెస్ ఇన్‌స్టాల్ చేయమంటే అర నిమిషంలో సర్వీసు నడుస్తూ కనిపిస్తుంది. ఆ అర నిమిషంలో అసలు జరిగేవి వేర్వేరు పనులు. ప్రోగ్రామ్ ఫైళ్ళు డిస్క్ మీదికి వస్తాయి, ఇది మొదటిది. ఖాళీ డేటా డైరెక్టరీ పుడుతుంది, ఇది రెండోది. కాన్ఫిగరేషన్ ఫైలు తన చోట కూర్చుని, సర్వీసు మొదలవుతుంది. ఇక నాలుగోది కంటికి కనబడనిది: ఆ క్షణం నుంచి ఈ ప్యాకేజీకి వచ్చే ప్రతి అప్‌డేట్ మీద పెత్తనం ఎవరిదో తేలిపోతుంది.

పద్ధతుల మధ్య తేడా అంతా ఈ నాలుగింటిలో ఎన్నింటిని మీ కోసం ఎవరో చేసిపెడుతున్నారు, ఎన్నింటిని మీకు వదిలేస్తున్నారు అన్న దాంట్లోనే ఉంది. డెబియన్, ఉబుంటు, రెడ్ హ్యాట్ లాంటి లినక్స్ రకాలను డిస్ట్రోలు అంటారు. వాటిలో డెబియన్, ఉబుంటు ప్యాకేజీలు నాలుగూ చేసేస్తాయి. రెడ్ హ్యాట్ కుటుంబంలో పోస్ట్‌గ్రెస్ ప్యాకేజీ వేస్తే ప్రోగ్రామ్ ఫైళ్ళు వచ్చి ఊరుకుంటాయి. డేటా డైరెక్టరీని మీరు విడిగా ఇనిషియలైజ్ చేయాలి, అంటే పుట్టించాలి, సర్వీసును మీరే మొదలుపెట్టాలి. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ వాళ్ళు రెడ్ హ్యాట్ కుటుంబానికి ఇచ్చే ఆర్‌పీఎం ప్యాకేజీ ఇంకో రకం. సర్వీసు మొదటిసారి లేచినప్పుడు అదే డేటా డైరెక్టరీని పుట్టిస్తుంది, రూట్ యూజర్‌కు ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ పెట్టి దాన్ని లాగ్ ఫైల్లో రాసి వదిలేస్తుంది. ఉబుంటు వాళ్ళ మైఎస్‌క్యూఎల్‌లో ఆ పాస్‌వర్డే ఉండదు, మిషన్ మీద రూట్‌గా ఉన్నవాడినే డేటాబేస్ రూట్‌గా లోపలికి రానిస్తుంది. ఒక డిస్ట్రోలో నేర్చుకున్న పని ఇంకో డిస్ట్రోలో ఎందుకు తిరగబడుతుందో ఇక్కడే అర్థమవుతుంది.

పుట్టిన రోజే తేలిపోయేవి

నాలుగింటిలో నేను అన్నిటికన్నా ఎక్కువ బరువు పెట్టేది రెండోదాని మీద. ప్రోగ్రామ్ ఫైళ్ళు తప్పొస్తే తీసేసి మళ్ళీ వేయొచ్చు. కాన్ఫిగరేషన్ తప్పితే దిద్దొచ్చు. డేటా డైరెక్టరీ పుట్టేటప్పుడు తీసుకున్న కొన్ని నిర్ణయాలు మాత్రం ఆ డేటా ఉన్నంతకాలం వెంట వస్తాయి.

నయీంనగర్ హాస్టళ్ళలో ఉండి ప్రాజెక్టులు చేసే పిల్లల్లో చాలామంది విండోస్ ల్యాప్‌టాప్ మీద ఎక్స్‌ఏఎంపీపీ అనే వెబ్ సర్వర్, డేటాబేస్ కలిసిన మూట వేసుకుని మొదలుపెడతారు. అది మంచి మెట్టే, కాదనను. కాకపోతే 2015 నుంచి అందులో వచ్చేది మైఎస్‌క్యూఎల్ కాదు, దాన్నుంచి విడిపోయిన మరియాడీబీ. దానికి తోడు విండోస్‌లో టేబుల్ పేరులో పెద్దక్షరమా చిన్నక్షరమా అన్న పట్టింపు లేదు. కోడ్‌లో ఒకచోట పెద్ద ఎఫ్‌తో ఫార్మర్స్ అని, ఇంకోచోట చిన్న ఎఫ్‌తో రాసినా నడుస్తుంది. అదే కోడ్‌ను లినక్స్ సర్వర్ మీద పెట్టగానే సగం పేజీలు "టేబుల్ లేదు" అంటాయి. లినక్స్‌లో ఆ రెండూ రెండు పేర్లు. దీనికి లోయర్ కేస్ టేబుల్ నేమ్స్ అనే సెట్టింగ్ ఉంది, మార్చేద్దాం అనుకుంటారు. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి అది ఇనిషియలైజ్ చేసే సమయంలో మాత్రమే పెట్టగలిగేది. తర్వాత మారిస్తే సర్వర్ అసలు లేవనంటుంది. ఉబుంటులో ప్యాకేజీ వేసిన క్షణానే డేటా డైరెక్టరీ పుట్టేస్తుంది కాబట్టి, మీరు ఫైలు తెరిచేసరికే ఆలస్యమైపోయింది. డైరెక్టరీ ఖాళీ చేసి, సెట్టింగ్ పెట్టి, మళ్ళీ ఇనిషియలైజ్ చేయడం ఒక దారి. టేబుల్ పేర్లన్నీ మొదటి రోజు నుంచీ చిన్నక్షరాల్లోనే రాయడం ఇంకా మంచి దారి.

ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి, కూడా ఇలాంటిదే. తెలుగు అక్షరం ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో 3 బైట్లు తీసుకుంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో పాతకాలం నుంచి ఉన్న "యూటీఎఫ్8" అనే పేరు 3 బైట్ల దాకానే పట్టుకుంటుంది. అందుకే తెలుగు పేర్లు పెట్టి చూసి అంతా బాగుందనుకుంటాం. ఎవరో ఒక దండం ఎమోజీ పంపిన రోజున తెలుస్తుంది, దానికి 4 బైట్లు కావాలి. కావలసింది యూటీఎఫ్8ఎంబీ4. 8.0లో అదే డిఫాల్ట్ అయింది, అంతకుముందు డిఫాల్ట్ లాటిన్1. పాత సర్వర్ డేటాను ఫైలుగా రాసి తెచ్చుకునే డంప్‌లో ఆ పాత నిర్ణయం కూడా కలిసి వస్తుందని గుర్తుపెట్టుకోవాలి.

పోస్ట్‌గ్రెస్‌లో ఇనిషియలైజ్ చేసేటప్పుడు లొకేల్ (ఏ భాష వరుస నియమాలు), ఎన్‌కోడింగ్, డేటా చెక్‌సమ్‌లు తేలాలి. చెక్‌సమ్ అంటే ప్రతి పేజీకి ఒక లెక్క రాసి పెట్టడం. డిస్క్ చెడి పేజీ పాడైతే చదివేటప్పుడే పట్టుబడుతుంది. 2025లో వచ్చిన 18వ వెర్షన్ నుంచి ఇది డిఫాల్ట్‌గా ఉంటుంది, అంతకుముందువాటిలో మనమే అడగాలి. తర్వాత కావాలన్నా పెట్టుకోవచ్చు, కానీ సర్వర్ ఆపి మొత్తం డేటా చదివించాలి. డెబియన్ కుటుంబంలో ఇవేవీ అడగకుండా ప్యాకేజీయే "మెయిన్" అనే క్లస్టర్‌ను, అంటే ఒక డేటా డైరెక్టరీని, పుట్టిస్తుంది. అది వద్దనుకుంటే ముందుగా పోస్ట్‌గ్రెస్ కామన్ ప్యాకేజీ వేసి, దాని క్రియేట్‌క్లస్టర్ కాన్ఫ్ ఫైల్లో మెయిన్ క్లస్టర్ పుట్టించొద్దని రాసి, తర్వాత సర్వర్ ప్యాకేజీ వేయాలి. ఆటోమేషన్ రాసేవాళ్ళకు ఈ వరుస చాలా విలువైనది.

డిస్ట్రో ఇచ్చేదా, తయారుచేసినవాళ్ళు ఇచ్చేదా

మనలో ఎక్కువమందికి అసలు ప్రశ్న ఇదే. ఉబుంటు తనతో పాటు ఇచ్చే పోస్ట్‌గ్రెస్ 22.04లో 14, 24.04లో 16. డెబియన్ 12లో 15. ఆ డిస్ట్రో బతికున్నంతకాలం అదే పెద్ద వెర్షన్ ఉంటుంది, భద్రతా సవరణలు మాత్రం వస్తుంటాయి. ఒకరిద్దరు మనుషులతో నడిచే చోట ఇది చాలు. నేను మొదట ఎప్పుడూ దీన్నే చూస్తాను.

అయితే పేరు చూసి మోసపోవద్దు. 2017లో వచ్చిన డెబియన్ 9 నుంచి డిఫాల్ట్ మైఎస్‌క్యూఎల్ సర్వర్ అన్న ప్యాకేజీ వేస్తే వచ్చేది మరియాడీబీ. రెడ్ హ్యాట్ 2014లోనే 7వ వెర్షన్‌తో మరియాడీబీకి మారింది, 8వ వెర్షన్‌కు వచ్చాక రెండూ ఇస్తోంది. మరియాడీబీ 2009లో మైఎస్‌క్యూఎల్ నుంచి విడిపోయిన పాయ. మొదట్లో ఒకటి తీసి ఇంకొకటి పెట్టినా నడిచేది. ఇప్పుడు రెప్లికేషన్‌లో (ఒక సర్వర్ డేటాను ఇంకోదానికి ఎప్పటికప్పుడు పంపడంలో) వాడే జీటీఐడీ అనే గుర్తుల విధానం, జేసన్ నిల్వచేసే తీరు, లాగిన్ ప్లగిన్లు వేరువేరు. ఇంట్లో ఒకటి పెట్టుకుని సర్వర్‌లో ఇంకొకటి పెట్టడం వల్ల వచ్చే తలనొప్పులు పరీక్షల్లో దొరకవు, పని మీదే దొరుకుతాయి.

డిస్ట్రో ప్యాకేజీతో వచ్చే ఇంకో సంగతి ఏనుమాముల మార్కెట్ దగ్గర నేర్చుకున్నాను. పత్తి సీజన్, ఒక అడ్తి దుకాణంలో కాంటా రసీదులన్నీ మైఎస్‌క్యూఎల్‌లోకి ఎక్కుతున్నాయి. పొద్దున ఆరున్నరకు ఓనర్ ఫోన్: "తమ్మీ, కాంటా కాడ బండ్లు లైను గట్టినయి, రసీదు వస్తలేదు." నేను లాగిన్ అయ్యేసరికే అది మామూలుగా నడుస్తోంది. లాగ్ చూస్తే, సర్వర్ దానంతటదే ఆగి మళ్ళీ లేచింది. ఆ మధ్యలో కాంటా సాఫ్ట్‌వేర్ కనెక్షన్ తెగిపోయి మళ్ళీ కలుపుకోలేకపోయింది. ఉబుంటు సర్వర్‌లో భద్రతా అప్‌డేట్లు డిఫాల్ట్‌గా వాటంతటవే దిగుతాయి. ఆ టైమర్ పొద్దున 6 గంటలకు మొదలై గంటలోపు ఏదో ఒక నిమిషంలో పనిచేస్తుంది. మైఎస్‌క్యూఎల్ ప్యాకేజీ మారితే సర్వీసు రీస్టార్ట్ అవుతుంది. ఉబుంటు చేసింది తప్పు కాదు, అప్‌డేట్ల పెత్తనం నేను దానికి అప్పజెప్పానని నాకే గుర్తులేదు. అప్‌డేట్లు మొత్తం ఆపేయడం దీనికి మందు కాదు. డేటాబేస్ ప్యాకేజీలను మాత్రం ఆటోమేటిక్ జాబితా నుంచి తప్పించి, మార్కెట్ సెలవు రోజున మనం దగ్గరుండి వేయాలి. తప్పించిన తర్వాత నిజంగా వేయాలి మరి, క్యాలెండర్‌లో రాసుకుని.

ఇక తయారుచేసినవాళ్ళ రిపాజిటరీ, అంటే వాళ్ళే నడిపే ప్యాకేజీల గిడ్డంగి. పోస్ట్‌గ్రెస్ సంఘం నడిపే రిపాజిటరీలో మద్దతున్న పెద్ద వెర్షన్లన్నీ ఉంటాయి, ఒకే మిషన్ మీద రెండు పక్కపక్కన పెట్టుకోవచ్చు. ఏటా ఒక పెద్ద వెర్షన్, ఒక్కోదానికి ఐదేళ్ళ మద్దతు. మైఎస్‌క్యూఎల్‌లో 5.7కి 2023 అక్టోబరుతో మద్దతు ముగిసింది, 8.0కి 2026 ఏప్రిల్ గడువు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 8.4 దీర్ఘకాల మద్దతు ఉన్నది. 9 అంకెతో మొదట వచ్చినవి ఇన్నోవేషన్ వరుసలోవి, వాటిలో ఒక్కోదానికి మద్దతు తర్వాతది వచ్చేదాకానే. కొత్తది కదా అని అడ్తి దుకాణానికి అది వేస్తే, ప్రతి మూణ్ణెల్లకోసారి ముందుకు జరుగుతూనే ఉండాలి. వెనక్కి రావడం కుదరదని కూడా తెలిసి ఉండాలి. 5.7 డేటాను 8.0తో తెరిచాక మళ్ళీ 5.7తో తెరవలేం, బ్యాకప్ ఒక్కటే దారి.

బయటి రిపాజిటరీ పెట్టుకున్నప్పుడు రెండు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, ప్యాకేజీ అసలైనదేనని తేల్చే సంతకపు తాళంచెవి. మైఎస్‌క్యూఎల్ 2022లో ఇచ్చిన తాళంచెవి గడువు 2023 డిసెంబరులో ముగిసింది. అంతదాకా చక్కగా నడిచిన ఇన్‌స్టాల్ స్క్రిప్టులు, ఒక్క అక్షరం మారకుండానే, కొత్త మిషన్ల మీద ఆగిపోయాయి. విసుగుతో సంతకం తనిఖీనే ఆపేసే అలవాటు అప్పుడే పుడుతుంది. దయచేసి ఆ పని చేయకండి, అలా చేయడమంటే డేటాబేస్ ప్రోగ్రామ్ ఎవరిచ్చారో తెలియకుండా నడపడమే. రెండోది రెడ్ హ్యాట్ 8 కుటుంబంలో. డిస్ట్రో సొంత పోస్ట్‌గ్రెస్ మాడ్యూల్‌ను ముందు డిసేబుల్ చేయకపోతే బయటి ప్యాకేజీలు ఎదురుగా ఉన్నా, అక్కడ ప్యాకేజీలు వేసే డీఎన్‌ఎఫ్ కమాండ్‌కు కనబడవు.

మిగిలిన దారులు

టార్‌బాల్ అంటే కంపైల్ చేసిన ఫైళ్ళ మూట. విప్పి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోవడమే. యూజర్‌ను సృష్టించడం, సర్వీసు ఫైలు రాయడం, కావలసిన లైబ్రరీలు చూసుకోవడం అన్నీ మీవే. ఉబుంటు 24.04లో లిబ్‌ఏఐఓ లైబ్రరీ పేరు మారడంతో మైఎస్‌క్యూఎల్ మూట విప్పినవాళ్ళకు "ఆ లైబ్రరీ దొరకలేదు" అన్న సందేశం వచ్చింది, లైబ్రరీ అక్కడే వేరే పేరుతో ఉంది. ప్యాకేజీ అయితే ఈ లంకె తానే చూసుకునేది. నెట్ అస్సలు రాని రైస్ మిల్లుల్లో టార్‌బాల్ తప్పదనుకుంటారు. నా అనుభవంలో అక్కడ కూడా కావలసిన ప్యాకేజీలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి దించుకుపోయి వాటినే లోకల్ రిపాజిటరీగా చూపించడం మేలు. సోర్స్ నుంచి కంపైల్ చేయడం నేర్చుకోవడానికి చాలా మంచిది, ఒక ప్యాచ్ వేసుకోవాల్సి వస్తే తప్పదు. ఇతరత్రా అడ్తి దుకాణానికి దాంతో పని లేదు.

ప్రోగ్రామ్‌ను దాని లైబ్రరీలతో సహా ఒక డబ్బాలో పెట్టి నడిపే కంటైనర్ల గురించి కాస్త ఆగి మాట్లాడాలి, ఎందుకంటే ఇప్పుడు కొత్తగా వచ్చే పిల్లలందరూ అక్కడి నుంచే మొదలుపెడుతున్నారు. కంటైనర్లు నడిపే డాకర్‌తో మొదటి పని, అంటే ప్రోగ్రామ్ ఫైళ్ళు తేవడం, అద్భుతంగా తేలికవుతుంది. మిగతా మూడు తేలిక కావు, కనబడకుండా పోతాయి. డేటాను కంటైనర్ బయట దాచే వాల్యూమ్‌ను సరిగ్గా తగిలించకపోతే కంటైనర్ తీసేసి మళ్ళీ పెట్టినప్పుడు కొత్త ఖాళీ డేటాబేస్ ఎదురవుతుంది. ఎన్విరాన్‌మెంట్‌లో ఇచ్చే పాస్‌వర్డ్, మొదటిసారి నడిపే స్క్రిప్టుల ఫోల్డర్ డేటా డైరెక్టరీ ఖాళీగా ఉన్నప్పుడే పనిచేస్తాయి. "అన్నా, కంపోజ్ ఫైల్ల పాస్‌వర్డ్ మార్చిన, గని పాతదే నడుస్తున్నది" అని ఒక జూనియర్ అడిగాడు. కంపోజ్ ఫైలంటే కంటైనర్ సెట్టింగులు రాసే ఫైలు. మారదు, ఆ డేటాబేస్ ఎప్పుడో పుట్టేసింది. లోపలికి వెళ్ళి కమాండ్‌తోనే మార్చాలి.

"లేటెస్ట్" అన్న ట్యాగ్‌తో డేటాబేస్ నడపడం మరీ ప్రమాదం. పోస్ట్‌గ్రెస్ పెద్ద వెర్షన్ మారితే పాత డేటాను తెరవదు. పైగా 18వ వెర్షన్ అధికారిక ఇమేజ్‌లో (కంటైనర్‌ను పుట్టించే మూసలో) డేటా ఉండే దారినే మార్చారు. పాత దారికి వాల్యూమ్ కట్టి ఉంచిన కంపోజ్ ఫైళ్ళను అందుకు తగ్గట్టు దిద్దాలి. ఇక డెబియన్ ఆధారంగా కట్టిన ఇమేజ్ నుంచి, సైజు తక్కువ కదా అని ఆల్పైన్ ఇమేజ్‌కు మారితే గ్లిబ్‌సీ పోయి మజిల్ అనే వేరే సీ లైబ్రరీ వస్తుంది. అంటే ఆ దవాఖాన ఇంటి నంబర్ల కథ మళ్ళీ మొదటి నుంచి. ఇంకొకటి, డాకర్ స్టాప్ అన్నప్పుడు 10 సెకన్లు ఆగి, అప్పటికీ ఆగకపోతే బలవంతంగా చంపేస్తుంది. పెద్ద డేటాబేస్ అంతలో అన్నీ డిస్క్‌కు రాసుకుని పక్కకు జరగలేకపోవచ్చు, ఆ గడువు పెంచి పెట్టాలి. ఇవన్నీ తెలిసి కంటైనర్ వాడితే నాకు అభ్యంతరం లేదు.

క్లౌడ్ వాళ్ళే నడిపే డేటాబేస్ అయితే ఇన్‌స్టాలేషనే ఉండదు. అమెజాన్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో తెరిచారు కాబట్టి దూరం సమస్య కూడా తగ్గింది. పూర్తి అధికారమున్న యూజర్ మీ చేతికి రాడు, నెలనెలా బిల్లు వస్తుంది. వాటికన్నా ముందు ఆలోచించాల్సింది నెట్ లింకు పోయిన పూట కాంటా ఆగినా పరవాలేదా అన్నది.

రాసిపెట్టడం

ఆటోమేషన్ అంటే వేగం కోసం అనుకుంటారు. ఒక్క సర్వర్‌కు వేగం ఎవరికి కావాలి? మొదటి రోజు తీసుకున్న నిర్ణయాలు ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండవు, అవన్నీ ఒకచోట నడిచే రూపంలో రాసి ఉంచడం కోసం అది కావాలి. ఆ దవాఖాన పాత సర్వర్‌ను ఏ లొకేల్‌తో పుట్టించారో రాసి ఉంటే నా పూట మిగిలేది.

షెల్ స్క్రిప్ట్‌తో మొదలుపెట్టడంలో తప్పులేదు. ఇబ్బంది రెండోసారి నడిపినప్పుడు వస్తుంది. యూజర్ ముందే ఉన్నాడని ఒకచోట ఆగుతుంది, కాన్ఫిగరేషన్ ఫైల్లో అదే లైను రెండోసారి చేరుస్తుంది. యాన్సిబుల్ లాంటి పనిముట్లు వేరే తీరున ఆలోచిస్తాయి. 2012లో వచ్చిన దీన్ని 2015లో రెడ్ హ్యాట్ కొనుక్కుంది. మేడ మీద నీళ్ళ ట్యాంకులో తేలే బంతి వాల్వు ఉంటుంది చూడండి, నీళ్ళు తగ్గితేనే తెరుచుకుంటుంది, నిండి ఉంటే ఊరుకుంటుంది. యాన్సిబుల్‌కు మనం రాసిచ్చే పనుల జాబితా, అంటే ప్లేబుక్, కూడా అలాగే ఉండాలి. "ఈ ప్యాకేజీ ఉండాలి, ఈ ఫైలు ఇలా ఉండాలి" అని చెప్తాం, ఉంటే ముట్టుకోదు, లేకుంటే చేస్తుంది.

డేటాబేస్ విషయంలో ఈ బంతి వాల్వు ఒకచోట ప్రాణం తీయగలదు. ఇనిషియలైజ్ చేసే టాస్క్‌కు అందరం ఒక కాపలా పెడతాం: డేటా డైరెక్టరీలో పీజీ వెర్షన్ అనే ఫైలుంటే వదిలెయ్, లేకుంటే ఇనిషియలైజ్ చెయ్. సరిగ్గానే ఉంది. ఇప్పుడు డేటా విడి డిస్క్ మీద ఉందనుకోండి. రాత్రి కరెంటు పోయింది, యూపీఎస్ చేతులెత్తేసింది, మిషన్ మళ్ళీ లేచేసరికి ఆ డిస్క్ మౌంట్ కాలేదు, అంటే దాని దారికి తగులుకోలేదు. ఆ దారిలో ఇప్పుడు ఉన్నది ఖాళీ ఫోల్డర్. పొద్దున ఎవరో సర్వీసు లేవట్లేదని ప్లేబుక్ నడిపారు. అది చూసింది, ఫైలు లేదు, శ్రద్ధగా కొత్త డేటాబేస్ పుట్టించి సర్వీసు లేపింది. అప్లికేషన్ తెరిస్తే సీజన్ మొత్తం ఖాళీ. అసలు డేటా పక్క డిస్క్‌లో భద్రంగానే ఉంటుంది, కానీ మధ్యాహ్నానికి ఖాళీదాంట్లో కొత్త రసీదులు ఎక్కడం మొదలవుతుంది. రెండింటినీ కలపడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు.

అందుకే నా ప్లేబుక్‌లో ఇనిషియలైజ్‌కు ముందు ఇంకో టాస్క్ ఉంటుంది. ఆ దారి నిజంగా మౌంట్ అయిన డిస్కేనా అని చూస్తుంది, కాకపోతే ఎర్ర అక్షరాలతో అక్కడే ఆగిపోతుంది. సర్వీసులను లేపే సిస్టమ్‌డీకి రాసే సర్వీసు ఫైల్లో కూడా ఆ మౌంట్ లేకుండా లేవొద్దని రాస్తాను. ఇనిషియలైజ్ టాస్క్ అయితే మామూలు పరుగులో అసలు నడవదు, కొత్త సర్వర్ అని నేను చేత్తో ఒక వేరియబుల్ ఇస్తేనే నడుస్తుంది. కాస్త చాదస్తంగా అనిపించొచ్చు, ఆ ఒక్క వేరియబుల్ టైపు చేయడానికి పట్టేది రెండు సెకన్లు.

రీస్టార్ట్ కూడా ఇలాంటిదే. కాన్ఫిగరేషన్ ఫైలు మారితే సర్వీసు రీస్టార్ట్ చేయమని హ్యాండ్లర్ (ఏదైనా మారితేనే నడిచే టాస్క్) రాయడం పుస్తకాల్లో నేర్పిస్తారు. డేటాబేస్‌కు అలా రాస్తే, పగటిపూట ఒక కామెంట్ లైను దిద్దినా అన్ని సర్వర్లూ ఒక్కసారే పడి లేస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో వర్క్ మెమ్ లాంటి సెట్టింగులకు రీలోడ్, అంటే సర్వర్ ఆపకుండా ఫైలు మళ్ళీ చదివించడం, సరిపోతుంది, షేర్డ్ బఫర్స్ లాంటివాటికే రీస్టార్ట్ కావాలి. ఏ సెట్టింగ్ రీస్టార్ట్ కోసం ఎదురుచూస్తోందో పీజీ సెట్టింగ్స్ అనే వ్యూలోనే కనబడుతుంది. ప్లేబుక్ రీలోడ్ వరకే చేయాలి, రీస్టార్ట్ ఇంకో ప్లేబుక్‌గా, ఒక్కో సర్వర్‌కు విడిగా ఉండాలి. మైఎస్‌క్యూఎల్ 8.0లో సెట్ పర్సిస్ట్ అని ఇచ్చిన విలువలు డేటా డైరెక్టరీలోని వేరే ఫైల్లో కూర్చుని మీ కాన్ఫిగరేషన్ ఫైలును మించిపోతాయి. ప్లేబుక్ 4 జీబీ అని రాస్తే సర్వర్ 2 జీబీతో నడుస్తుంటే ముందు అక్కడ చూడండి.

ప్యాకేజీ టాస్క్‌లో "లేటెస్ట్" అని రాయొద్దు, "ప్రెజెంట్" అని రాసి వెర్షన్‌ను కట్టేయండి. పాస్‌వర్డులు యాన్సిబుల్ తాళం వేసి ఉంచే వాల్ట్‌లో ఉండాలి, ఆ టాస్కులకు నో లాగ్ అనే సెట్టింగ్ పెట్టాలి. లేకపోతే తెర మీద, లాగ్‌లో అక్షరాలా కనబడతాయి. డేటాను మామూలు చోటు నుంచి విడి డిస్క్‌కు మార్చితే ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలు ముట్టుకోవచ్చో కాపలా కాసే రక్షణ వ్యవస్థలు, అంటే రెడ్ హ్యాట్‌లో ఎస్‌ఈలినక్స్, ఉబుంటు మైఎస్‌క్యూఎల్‌లో యాప్‌ఆర్మర్ అడ్డుపడతాయి. ఓనర్ సరిగ్గా ఉన్నా "పర్మిషన్ డినైడ్" వస్తుంది. వాటిని మొత్తంగా ఆపేయమని చెప్పే సలహాలు బోలెడు దొరుకుతాయి. ఎస్‌ఈలినక్స్‌లో కొత్త దారికి సరైన లేబుల్ ఇవ్వడానికి కావలసింది రెండు కమాండ్లే, అవి ప్లేబుక్‌లో రెండు టాస్కులు.

ఇదంతా నిజంగా పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి నేను మూణ్ణెల్లకోసారి ఒక పాత డెస్క్‌టాప్ తీస్తాను. డిస్క్ తుడిచి, ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, ప్లేబుక్ నడిపి, నిన్న రాత్రి బ్యాకప్‌ను దాంట్లోకి ఎక్కిస్తాను. చేత్తో ఏ కమాండ్ కొట్టాల్సి వచ్చినా అది ప్లేబుక్‌లో లేదన్నమాట, అక్కడే ఆగి దాన్ని చేరుస్తాను. మొదటిసారి అలా పదకొండు చేర్చాల్సి వచ్చింది.

ప్లేబుక్‌లో చివరి టాస్క్ చాలా చిన్నది. 1-1, 11 అనే రెండు మాటలను డేటాబేస్ చేతే వరుసలో పెట్టిస్తుంది, వచ్చిన వరుసను పాత సర్వర్ దగ్గర రాసి ఉంచిన వరుసతో పోలుస్తుంది. తేడా వస్తే ఇండెక్స్‌లు మళ్ళీ కట్టేదాకా అప్లికేషన్‌కు పోర్టు తెరవదు. ఆ దవాఖాన సర్వర్‌ను పోయిన నెల మళ్ళీ మార్చినప్పుడు ఈ టాస్క్ పచ్చగానే వచ్చింది. అయినా కౌంటర్ దగ్గరికి వెళ్ళి, ఆ అమ్మాయి చేతే గీతలున్న ఇంటి నంబర్లు ఐదారు కొట్టించి చూసి వచ్చాను.